కుండీ కింద వసంతం

ఈ ఏడు మా తోటలోకి వసంతం అరుచుకుంటూ వచ్చింది.

"ఆగండి! చెయ్యి తియ్యండి దాని మీంచి!"

అరిచింది ఒక అమ్మాయి. చెయ్యి తీసింది మా మనవడు. తీశాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వాడి వేళ్ళ మధ్య బఠాణీ గింజంత గులాబీ మొగ్గ, దాని కాడకి కట్టిన ఎర్రదారం, దారం చివర చిన్న అట్టముక్క, మూడూ కలిసి ఊగుతున్నాయి.

మా మనవణ్ణి అందరూ పొడుగు అంటారు. మబ్బులు కిందికి దిగిన రోజున వాడు తలొంచుకుని నడుస్తాడని నేను కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంటాను. సగం మంది నమ్మారు కూడా. వాడికి మొక్కలతో తప్ప మాట్లాడ్డం రాదు.

"ఏం చేశారో తెలుసా మీకు?" అంది ఆ అమ్మాయి, రొప్పుతూ.

"మొగ్గ తుంచాను."

"అది నా మొగ్గ!"

పొడుగు మొగ్గని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరు రాసి లేదే."

"రాసుంది! ఆ అట్టముక్క తిప్పండి!"

తిప్పాడు. రాసుంది. వాతావరణ ఆఫీసు, మొక్క నంబరు పదకొండు, ముట్టుకోరాదు.

"ఓ," అన్నాడు పొడుగు.

"ఓ ఏంటండీ, ఓ? మూడు వారాల నించి కాచుకుని ఉన్నా దానికోసం. ఇంకో వారంలో విచ్చేది. పూల రైతయ్యుండి మొగ్గని పీకేస్తారా ఎవరైనా?"

"పూల రైతే పీకుతాడండి. కొత్త మొక్కకి మొదటి మొగ్గ ఉంచితే బలమంతా దానికే పోస్తుంది. తుంచేస్తే పక్కనించి కొమ్మలేస్తుంది. ఒకటి పోయినా నాలుగొస్తాయి."

"నాకు నాలుగక్కర్లేదు. మొదటిది కావాలి!"

"మొదటిదాంతో ఏం పని మీకు?"

"అదే నా ఉద్యోగం!"

నిజమే. ఏ తోటలో ఏ ఏడు మొదటి పువ్వు ఏ రోజున విచ్చిందో రాసుకోవడం ఆ అమ్మాయి ఉద్యోగం. వసంతం ముందుకి జరుగుతోందా, వెనక్కి జరుగుతోందా అని వాళ్ళ ఆఫీసు లెక్క చూస్తుందట. ప్రతి మంగళవారం పొద్దున్నే స్కూటరు మీద వచ్చేది. ఆ టైముకి పొడుగు పూలు వేసుకుని బజారుకి వెళ్ళేవాడు, ఆ ఒక్క మంగళవారం ఆలస్యమైంది. మొక్కకి దారం కట్టుకోమని ఆమెకి చెప్పింది నేను. ఆ సంగతి వాడికి చెప్పడం మరిచాను. మరిచానో, మరిచినట్టు ఉండిపోయానో ఇప్పుడు గుర్తు లేదు. ముసలితనంలో ఇదొక సుఖం.

యాభై ఏళ్ళుగా పూలు పండిస్తున్నాను. వసంతం వచ్చిందని నాకు ఏ ఆఫీసూ చెప్పక్కర్లేదు. పొద్దున్నే కత్తెర పట్టుకుంటే పిడి చల్లగా తగలడం మానేస్తుంది. గొట్టంలోంచి మొదట వచ్చే చెంబెడు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. కత్తిరించిన కొమ్మ కొసన నీటిబొట్టు నిలుస్తుంది. చీమలు ఎవరో పిలిచినట్టు మొగ్గల దగ్గరికి బయల్దేరతాయి. ఇవన్నీ అయ్యాక కూడా నాకింకో గుర్తు ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు ఈ ఇద్దర్నీ విడదియ్యాలి కదా.

"అమ్మాయ్, ఆ మొగ్గ పోతే పోయింది. నా దగ్గర నలభై ఎనిమిది మొదటి పువ్వులున్నాయి, రా," అన్నాను.

షెడ్డు తలుపు తీసి లోపలి వైపు చూపించాను. నీలం రంగు పెయింటుతో నలభై ఎనిమిది గీతలు, గీతకో తారీఖు. షెడ్డు పక్కనున్న పొట్టి గులాబీ ప్రతి ఏడూ ఏ రోజున మొదటి పువ్వు పూసిందో అందులో ఉంది. ఆ మొక్క ఎన్నడూ మోకాలు దాటి పెరగలేదు. చచ్చిపోయేలా ఉంటే దాని కొమ్మే మళ్ళీ అక్కడే నాటాను.

ఆ పిల్ల కళ్ళు చక్రాలయ్యాయి. "నలభై ఎనిమిదేళ్ళు! తాతగారూ, మీరు బంగారం!"

ఆ మాట మా ఆవిడ నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.

"తప్పు ఒక్కటీ లేదుగా ఇందులో?"

"నా మాట మీద నమ్మకం లేదా? ఒక ఏడు మా గులాబీలు ఎంత వాసన వేశాయంటే, ఊరి అవతల జలుబుతో పడుకున్నవాళ్ళు కూడా లేచి కూచున్నారు."

పకపకా నవ్వి తలుపుని ఫోటోలు తీసుకుంది. పొడుగు గుమ్మంలో నిలబడి ఆ నవ్వు వింటున్నాడు. చేతిలో మొగ్గ ఇంకా అలాగే ఉంది. పారెయ్యలేదు వెధవ.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. పైకి చదవకండి, మా ఆవిడ వింటుంది.

ఆ తలుపు మీది తారీఖుల్లో మొదటిదొక్కటే నిజం.

పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పట్నంలో టైలరింగ్ షాపులో పని చేసేది. చీకటితో బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి. మొదటి ఏడు ఓ బుధవారం షాపు మూసేస్తే తోటలోకొచ్చింది. పొట్టి గులాబీ అప్పుడే విచ్చింది. "మొదటిది నేనే చూశా! మీకంటే ముందు నేనే!" అని గంతులేసింది. ఆ మొహం నేను మర్చిపోలేదు. మరుసటి ఏడు పువ్వు మంగళవారం విచ్చింది. నేనే ముందు చూశాను. ఆవిడ తోటలోకి వచ్చేది మళ్ళీ ఆదివారమే. ఆవిడ వస్తువేదో దొంగిలించినట్టు అనిపించింది నాకు. అందుకని ఓ పాత మట్టి కుండీ తెచ్చి పువ్వు మీద బోర్లించాను. గాలాడ్డానికి అడుగున చిల్లు ఉండనే ఉంది. ఆదివారం ఆవిడ టీ గ్లాసులు తీసుకుని వస్తుంటే, గబుక్కున కుండీ తీసి నా వెనక పెట్టుకున్నాను.

"అదిగో! నేనే చూశా!"

అంతే. నేను చెబుతానన్న ఇంకో గుర్తు ఆ కేకే. అప్పటినించి ప్రతి ఏడూ అదే కుండీ. షాపు మానేసి ఇంట్లోనే మిషను పెట్టుకున్నాక కూడా, ఆవిడ మిషను ఆపేది ఆదివారమే. తలుపు మీద ఎక్కేది ఆదివారం తారీఖే. ఒక్క ఆరో ఏట మాత్రం గొడవొచ్చి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకొచ్చిందో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. తప్పు నాదని మాత్రం ఇద్దరికీ గుర్తుంది. ఆ ఏడు మొదటి పువ్వు కుండీ కిందే రాలిపోయింది. కుండీ జరిపి రెండోదాని మీద పెట్టాను. రెండు వారాల తర్వాత ఓ ఆదివారం తనే తిరిగొచ్చింది. రాగానే ఆ రెండోది చూసి "మొదటిది నేనే చూశా" అంది. నేను అవునన్నాను. మనకి కావలసింది అదే కదా.

సరే, కథలోకి వద్దాం. ఆ తర్వాత మంగళవారాల్లో పొడుగు బజారుకి వెళ్ళడం మానేశాడు. పూలు వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. వాడు తల దువ్వుకున్నాడు. పదకొండో నంబరు మొక్కకి కొత్త ఎర్రదారం కట్టి, అట్టముక్క మీద తనే రాశాడు: ముట్టుకోను.

అది చూసి ఆమె పెదవి కొరుక్కుంది. "ఎవరు ముట్టుకోరట?"

"నేనే."

"మీరు తప్ప ఎవరైనా ముట్టుకోవచ్చా అయితే?"

పొడుగు ఆలోచించాడు. మరీ ఎక్కువగా ఆలోచించాడు. ఈలోపు వాన మొదలైంది.

ఆమె పరిగెత్తుకెళ్ళి నారుమడి మీద కట్టిన ఆకుపచ్చ వల కింద దూరింది.

"అది ఎండకండీ!" అని అరిచాడు పొడుగు. "వానకి కాదు!"

"ముందు చెప్పొచ్చుగా!"

వాడు పూల ప్లాస్టిక్ బుట్ట ఒకటి పట్టుకెళ్ళి ఆమె తలమీద గొడుగులా పట్టాడు. దానికి నాలుగు వైపులా చిల్లులే.

"దీనికీ చిల్లులున్నాయి," అంది తడుస్తూ.

"పెద్ద చినుకులు ఆగుతాయండీ."

"మరి చిన్నవి?"

"చిన్నవి... చిన్నవే కదా."

షెడ్డులోంచి మా ఆవిడా నేనూ చూస్తున్నాం. ఈ మధ్య మంగళవారాలు కూడా ఆవిడ మిషను ఆగుతోంది. "వీడికి మీ పోలికే వచ్చింది," అంది మా ఆవిడ. "తెలివి తక్కువ, ఓపిక ఎక్కువ."

ఆ మరుసటి మంగళవారం ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. చేతిలో ఒక గ్రాఫు కాయితం ఉంది. నన్ను షెడ్డు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూచుంది. మా పక్కనే పొట్టి గులాబీ మీద కుండీ బోర్లించి ఉంది. పువ్వు ముందు రోజు పొద్దున్నే విచ్చిందిలెండి. ఆదివారానికి ఇంకా ఐదు రోజులు.

"తాతగారూ, కోప్పడకండి. మీ తారీఖులన్నీ పాత క్యాలెండర్లతో పోల్చి చూశాను. ఒక్కటి బుధవారం. మిగతా నలభై ఏడూ ఆదివారాలే. మీ గులాబీ ఆదివారం తప్ప పూయదా?"

"మిగతా రోజుల్లో దానికి తీరిక ఉండదమ్మా."

"నేను జోకులాడ్డం లేదు."

"నేనూ లేదు. ఆరో ఏట అయితే తేనెటీగలన్నీ కలిసి..."

"నా చెవిలో పువ్వులు పెట్టకండి తాతగారూ!" ఆమె గ్రాఫు కాయితం నా ముందుకి తోసింది. "ఈ తలుపుని చూసి ఎంత సంబరపడ్డానో తెలుసా? ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా. ఇప్పుడు మా ఆఫీసర్ ఈ తోటని లిస్టులోంచి కొట్టేశారు. నమ్మలేని తారీఖులట. వచ్చే వారం నించి నన్ను కొండవతల తోటకి వేశారు. ఇవాళే ఆఖరు."

పొడుగు పక్క మడిలో నీళ్ళు పెడుతున్నాడు. తడిపిన మొక్కనే మళ్ళీ తడుపుతున్నాడు. నీళ్ళు గట్టు దాటి వాడి చెప్పులు మునిగాయి. వాడికి తెలియలేదు. కాసేపటికి గొట్టం వదిలేసి వచ్చి నన్ను పక్కకి లాగాడు.

"తాతా, నిజం చెప్పు. ఆ తారీఖులు ఉత్తివేనా?"

"పూర్తిగా ఉత్తివి కావురా. కొంచెం పక్కకి జరిగినవి."

"నిజం నీకు తెలుసుగా? ఆమెకి చెప్పెయ్యి."

"ఎందుకలా అయ్యాయో చెబితే మీ నానమ్మకి తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏమవుతుంది?"

ఏమవుతుందని చెప్పను? నలభై ఏడు వసంతాలు ఆవిడవి కాకుండా పోతాయి. వాడి మొహం చూశాను. కోతలు కొయ్యడం, కథలు అల్లడం నాకు చేతనవును. వాడికి అవేవీ రావు. అడిగి ఆపడం కూడా రాదు. ఆ అమ్మాయి వెళ్ళిపోతే వాడు వచ్చే మంగళవారం కూడా తల దువ్వుకుని నిలబడతాడు. ఆ తర్వాతి మంగళవారం కూడా.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ నాలుగు గ్లాసుల టీ తెచ్చింది.

"కూచోవే," అన్నాను. "నువ్వు కూడా ఉండమ్మాయ్. ఒక తప్పు ఒప్పుకోవాలి."

అంతా చెప్పేశాను. ఆదివారాలు, కుండీ, ఆరో ఏడు, అన్నీ. చెబుతున్నంతసేపూ మా ఆవిడ వైపు చూడలేదు. టీ గ్లాసు వైపే చూశాను. చెప్పడం అయిపోయింది. పొంగిపోయిన మడిలోంచి నీళ్ళు పారుతున్న చప్పుడొక్కటే.

"అయిపోయిందా?" అంది మా ఆవిడ.

"అయిపోయింది."

"అయితే ఆ కుండీ ఇటివ్వండి."

"ఇంకా ఆదివారం రాలేదు!" అన్నాను నోరు జారి.

ఆవిడే వంగి కుండీ ఎత్తింది. కింద పువ్వు బిత్తరపోయి చూస్తోంది. ఆవిడ పువ్వు వైపు చూడనే లేదు. కుండీ మూతి ఎండ వైపు తిప్పి ఆ అమ్మాయి ముందు పెట్టింది.

"చూసుకో తల్లీ. నా చేతిరాత బాగుండదు."

కుండీ లోపల మట్టి మీద, పైనించి కింది దాకా, సన్నటి గీతలు. అంకెలు. తల పిన్నుతో గీకినవి. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కొక్కటే చదవడం మొదలెట్టింది. "ఇది మంగళవారం... ఇది శుక్రవారం... ఇది..." చివరిదాని మీద మట్టి పొడి ఇంకా తాజాగా ఉంది. నిన్నటి తారీఖు.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఆ కుండీలో ఎవరైనా మొక్క పెట్టబోతే ఈవిడ ఇంతెత్తున లేచేది. కడుగుతానన్నా ఒప్పుకునేది కాదు. అది పిసినారితనం అనుకున్నా ఇన్నాళ్ళూ. బోర్లించడం తప్ప, లోపలికి తొంగి చూడాలని నాకెప్పుడూ తట్టలేదు.

"నీకు... ఎప్పట్నించి తెలుసు?"

"రెండో ఏటినించే. బస్సుకి ఈ షెడ్డు పక్కనించేగా వెళ్ళేది? నిన్న లేని కుండీ ఇవాళ మొక్క నెత్తి మీద కూచుంటే ఎత్తి చూడనా?"

"అంటే నలభై ఏడేళ్ళూ నటించావా?"

"మీరు నటించలేదా?" అంది. "ప్రతి ఏడూ కొత్తగా ఆశ్చర్యపోవడం మీరనుకున్నంత తేలికేం కాదు."

"చెప్పొచ్చుగా మరి!"

"ఎందుకు చెప్పాలి? ఆ కుండీ వీపు వెనక దాచుకుని, నా మొహంలోకి చూస్తారు చూడండి, ఆ చూపు నాకు ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది. పువ్వుదేముంది, మర్నాడు ఇంకోటి పూస్తుంది."

పొడుగు దగ్గాడు. వాడికి ఏం చెయ్యాలో తోచనప్పుడు దగ్గుతాడు.

ఆ అమ్మాయి వేలు ఒక చోట ఆగింది. "అమ్మమ్మగారూ, ఆరో ఏడు కూడా ఉంది ఇక్కడ. ఆ ఏడు మీరు ఇక్కడ లేరు కదా?"

మా ఆవిడ గ్లాసు అంచు తుడుస్తూ కూచుంది. "పుట్టింటి నించి షాపుకి వెళ్ళే బస్సు కూడా ఈ కంచె పక్కనించే పోతుందమ్మా. రోజూ కిటికీ పక్కన కూచునేదాన్ని. ఈయన కుండీ పెట్టారా లేదా అని. ఒక రోజు పెట్టి ఉంది. ఆ తారీఖు మనసులో రాసుకున్నా. మర్నాడూ ఉంది. వారం తర్వాతా ఉంది. ఈయన బజారుకి వెళ్ళిన టైము చూసి బస్సు దిగా. ఎత్తి చూస్తే కింద రెండో పువ్వు, పక్కన మొదటిదాని రేకలు. మనిషి నా మీద కోపంగానే ఉన్నాడు, కుండీ మాత్రం తియ్యలేదు. గీకేసి మళ్ళీ బస్సెక్కా. ఆ ఆదివారమే ఇంటికొచ్చా."

నా కంట్లో నలక పడింది. గులాబీ తోటల్లో నలకలు ఎక్కువ, మీకు తెలియదు.

ఆ అమ్మాయి పాత నలభై ఏడు తారీఖులూ, పైన నిన్నటిదీ రాసుకుంది. మొదటి ఏడు తలుపు మీదున్నదే నిజం కనక పాతవి నలభై ఎనిమిదీ దొరికాయి. ఫోటోలు తీసింది. కుండీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసుకి ఫోన్ చేసింది. "సర్, ఈ తోటని కొట్టెయ్యకండి. లేదు సర్, ఆదివారాలు కావు. ఎందుకంటే... అది చెప్పాలంటే మీరు టీ తెప్పించుకోవాలి సర్."

ఆఫీసరు టీ తెప్పించుకున్నాడో లేదో గానీ తోట లిస్టులోనే ఉంది. మంగళవారాలూ ఉన్నాయి.

పొడుగు నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాలేదు. మార్చి వచ్చింది, సగం అయిపోయింది. మా ఆవిడ కంగారుపడింది. "మీరైనా కాస్త చెప్పండి వాడికి."

"నేను చెబితే కథ చెబుతా. వాడు చేస్తే పని చేస్తాడు. ఆగు," అన్నాను.

మొగ్గ తుంచిన నలభై తొమ్మిదో రోజు, మంగళవారం. స్కూటరు ఆగింది. ఆమె పదకొండో నంబరు మొక్క దగ్గరికొచ్చి ఆగిపోయింది. మొక్క లేదు. దాని చోట ఒక కొత్త కుండీ, పెద్దది, బోర్లించి ఉంది. చిల్లులోంచి ఎర్రదారం కొస బయటికి వేలాడుతోంది. పక్కన మా వాడు దీపస్తంభంలా నిలబడి ఉన్నాడు.

మా ఆవిడా నేనూ షెడ్డు కిటికీకి అతుక్కుపోయాం.

"ఏంటిది?" అంది ఆమె.

"ఎత్తి చూడండి."

ఎత్తింది. తుంచిన చోటినించి నాలుగు కొమ్మలు. మూడింటికి మొగ్గలు. నాలుగోదానికి విచ్చిన పువ్వు.

ఆమె కుండీ పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఎప్పుడు విచ్చింది?"

"ఇవాళే."

"మంగళవారమేనా?"

"అవును."

"మీ తోటలో ఈ మొక్క మంగళవారం తప్ప పూయదా?"

పొడుగు చెవులు పువ్వు కంటే ఎర్రబడ్డాయి. "...ఆదివారం."

"ఆదివారం నించి కప్పి ఉంచారా?"

"మీరు మొదటిది కావాలన్నారు కదా. మొదటిది నేను తుంచేశా. ఇంకోసారి నేను ముందు చూడకూడదనుకున్నా. కానీ చూసేశా. అందుకని..." వాడు గాలి పీల్చుకున్నాడు. మొక్కల గురించి కాకుండా అంత పొడుగు మాట వాడు మాట్లాడ్డం పుట్టాక అదే మొదలు. "మీరు మంగళవారాలే వస్తున్నారు. మిగతా ఆరు రోజులు నాకు చాలా ఖాళీగా ఉంటున్నాయండీ."

ఆమె పకపకా నవ్వలేదు. చెయ్యి చాపింది. "మీ కత్తి ఇవ్వండి."

"ఎందుకండీ?"

"ఇవ్వు, చెబుతా."

వాడు అంట్లు కట్టే కత్తి తీసుకుని, కొత్త కుండీని ఎండ వైపు తిప్పుకుని, లోపల ఏదో గీకింది. వాడు వంగి చదివాడు. ఆదివారం తారీఖు.

"తప్పు తారీఖులు రాస్తే నా ఉద్యోగం పోతుంది," అంది. "వచ్చే ఏడు కూడా ఇలాగే కప్పు. కానీ నువ్వు లేచేసరికే నేను చూసేసి ఉంటాను."

"వచ్చే ఏడా?" అన్నాడు పొడుగు. వాడికి అర్థమవడానికి కాస్త టైము పట్టింది. పైదాకా వెళ్ళాలి కదా. అర్థమయ్యాక మాత్రం గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడిద్దరి తలలూ ఒకే ఎత్తుకొచ్చాయి.

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఈ ఏటి వసంతం గురించి ఏదో గొప్ప మాట అందామనుకున్నా. ఆవిడ వినే స్థితిలో లేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, తోటంతా వినబడేలా కేకేసింది.

"ఒరే పొడుగూ! ఆ కుండీలో ఎవ్వరూ మొక్క పెట్టకండి!"